వేడి అనుకున్నాను

నేను జీవశాస్త్రం టీచర్ని. గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో పనిచేస్తున్నాను. మందారపువ్వును నిలువుగా కోసి అండాశయం చూపిస్తాను. కప్ప జీవితచక్రం బోర్డు మీద గీస్తాను. లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా పాలను పెరుగుగా ఎలా మారుస్తుందో ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెప్తాను. ఇన్ని చెప్పే నేను, నా ఒంట్లోంచి వచ్చే తెల్లబట్ట విషయంలో మాత్రం నలభై దాటేదాకా మా అమ్మమ్మ చెప్పిన మాటలే నమ్మాను. ఆ నమ్మకంతో నా ఆరోగ్యం పాడుచేసుకున్నాను. మా అమ్మాయిని భయపెట్టాను. మా ఆడపడుచుకు ఇవ్వకూడని సలహా ఇచ్చాను. ఇవన్నీ ఎలా జరిగాయో దాచకుండా రాస్తున్నాను. బాగా చదువుకుని కూడా ఈ ఒక్క విషయంలో నోరు విప్పని ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా నా తెలివితక్కువతనం పనికొస్తే చాలు.

మా ఇంట్లో తెల్లబట్టకు ఒకటే కారణం చెప్పేవారు, వేడి. ఆవకాయ ఎక్కువ తిన్నా వేడే, మామిడిపండు తిన్నా వేడే, పరీక్షల ముందు రాత్రిళ్ళు మేలుకున్నా వేడే. దానికి మందు కూడా ఒకటే, చలవ. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవారు, బార్లీ కాచి ఇచ్చేవారు, పటికబెల్లం నీళ్ళు తాగించేవారు. అమ్మమ్మ ఇంకో మాట కూడా అనేది. ఎముకల్లో సత్తువంతా కరిగి అలా పోతుందట. నేను సన్నగా ఉండేదాన్ని. నడుం నొప్పి పుట్టినా, ఎండలో కళ్ళు తిరిగినా, నా ఎముకలు కరుగుతున్నాయనే అనుకునేదాన్ని. ముదురు రంగు లోదుస్తులు సరిగ్గా ఆ చోటే రంగు వెలిసిపోతుంటే, గుడ్డనే ఇలా తినేస్తున్నది నన్నేం మిగులుస్తుందని దిగులుపడేదాన్ని. వాటిని ఉతికి, ఎవరికీ కనపడకుండా తువ్వాలు కింద ఆరేసేదాన్ని.

ఆ రంగు ఎందుకు వెలుస్తుందో బీఎస్సీ చదివిన మనిషిగా నేను ఆలోచించాల్సింది. ఆరోగ్యంగా ఉన్న యోనిలో ఆమ్లం ఉంటుంది. పీహెచ్ 3.8 నుంచి 4.5 దాకా. ఆ పులుపు తగిలి గుడ్డ రంగు పోతుంది, అంతే. ఆ ఆమ్లాన్ని తయారుచేసేది నేను ఏటా పిల్లలకు చెప్పే లాక్టోబాసిల్లస్ కుటుంబమే. ఈడు వచ్చాక ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజన్ చేరుతుంది. దాని మీద బతుకుతూ ఈ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. ఆ ఆమ్లంలో చాలా రకాల హానికర క్రిములు బలపడలేవు. జర్మనీకి చెందిన స్త్రీవైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లోనే ఈ బాక్టీరియాను వర్ణించాడు. నేను పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే పుస్తకాలకెక్కిన సంగతి ఇది. పాలు తోడుకునే పాఠం చెప్తున్నప్పుడు అదే కుటుంబం నా ఒంట్లో కాపలా కాస్తోందని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

తెల్లబట్ట అంటే ఎముకల సారం కాదు. గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథులు ఊరించే జిగురు, యోని గోడల్లోంచి చెమ్మగా వచ్చే ద్రవం, రోజూ రాలిపోయే పాత కణాలు, ఆ బాక్టీరియా, ఇవన్నీ కలిసి బయటికి వస్తాయి. ముట్టు వచ్చే వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలికి రోజుకు సుమారు 1 నుంచి 4 మిల్లీలీటర్ల వరకు అవ్వడం మామూలే. తెల్లగానో, నీళ్ళలానో ఉంటుంది, గుడ్డ మీద ఆరితే కాస్త పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఘాటైన వాసన ఉండదు, దురద ఉండదు, మంట ఉండదు. గర్భంతో ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువవుతుంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గడంతో బాగా తగ్గి, పొడిబారి మంట పుట్టవచ్చు. దీన్నిబట్టి ఆడదాని వయసు, ఒంట్లోని హార్మోన్ల తీరు కొంతవరకు తెలుస్తాయి. మామిడిపండుకీ దానికీ సంబంధం లేదు.

నెలలోనే అది ఎన్ని రకాలుగా మారుతుందో తెలియకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది మరొకటి ఉంది. ముట్టు ఆగిన తర్వాత కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది. తర్వాత కాస్త జిగటగా, మీగడలా మొదలవుతుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడేకొద్దీ పలచబడి, కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తీగలా సాగుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ పెరిగి మళ్ళీ చిక్కబడుతుంది. ఆ సాగే రోజులే గర్భం రావడానికి అనువైన రోజులు. ఆ జిగురులో వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు. విడుదలైన అండం మాత్రం ఒక రోజుకు మించి బతకదు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ దంపతులు ఈ మార్పుల ఆధారంగానే ఒక పద్ధతిని రూపొందించి ఎందరికో నేర్పారు. పెళ్ళయిన కొత్తల్లో నేను, మా ఆయన బిడ్డ కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్ళం. నెల మధ్యలో ఆ తడి ఎక్కువైనప్పుడల్లా వేడి ముదిరిందని, ఒంట్లో బాగాలేదని చెప్పి నేను వేరే మంచం మీద పడుకునేదాన్ని. మా అత్తగారు గుళ్ళకు మొక్కుకునేవారు. బంధువులు మాటలనేవారు. అనువైన రోజుల్నే ఏరి ఏరి దూరం పెట్టానని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఆ మాటలు పడ్డప్పుడు మా ఆయన ముఖం ఎలా ఉండేదో నాకిప్పటికీ గుర్తుంది.

జబ్బు కాని దాన్ని జబ్బనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. లేని జబ్బుకి వైద్యం మొదలుపెట్టి నిజంగా జబ్బు తెచ్చుకోవడం రెండోది.

కాన్పు తర్వాత శుభ్రత మీద నాకు పట్టుదల పెరిగింది. స్నానం చేసేటప్పుడు చెంబు నీళ్ళలో యాంటిసెప్టిక్ ద్రవం కలిపి లోపలిదాకా కడుక్కునేదాన్ని. ఎవరో చెప్తే కొన్నాళ్ళు పటిక నీళ్ళు వాడాను. సబ్బు సరేసరి. కొన్నాళ్ళకు తెల్లబట్ట తీరు మారింది. పలచగా, బూడిద రంగులో రావడం మొదలైంది. చేపల వాసన వేసేది. ముట్టు రోజుల్లోనూ, మా ఆయనతో కలిసిన తర్వాతా ఆ వాసన మరీ ఎక్కువయ్యేది. దురద లేదు, నొప్పి లేదు, వాసన ఒక్కటే. నేను మురికి మనిషినని నాకు నేనే తీర్మానించుకుని ఇంకా ఎక్కువ కడిగాను. కడిగేకొద్దీ వాసన పెరిగింది. స్టాఫ్ రూంలో ఎవరి పక్కనా కూర్చునేదాన్ని కాదు. బస్సులో నిలబడే వెళ్ళేదాన్ని.

అది బాక్టీరియల్ వజైనోసిస్. ముట్టు వచ్చే వయసు ఆడవాళ్ళలో తెల్లబట్ట మారడానికి ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, గార్డ్‌నరెల్లా వంటి వేరే బాక్టీరియాలు గుంపులుగా పెరిగితే వస్తుంది. హ్యూస్టన్‌లో హెర్మన్ గార్డ్‌నర్, చార్లెస్ డ్యూక్స్ అనే ఇద్దరు 1955లో దీన్ని గుర్తించి రాశారు. పీహెచ్ 4.5 దాటుతుంది. రక్తం, వీర్యం రెండూ ఆమ్ల గుణం లేనివి కాబట్టి అవి కలిసినప్పుడు వాసన ఎక్కువవుతుంది. నేను రోజూ ఒంపుకున్న యాంటిసెప్టిక్‌కి మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అనే తేడా తెలియదు. కాపలా ఉన్నవాటిని నేనే కడిగేసుకున్నాను. ఈ జబ్బు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ, ఇతర సుఖవ్యాధులు సోకే అవకాశం పెరుగుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడైతే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు చూసి రాస్తే ఏడు రోజుల మెట్రోనిడజోల్‌తో సాధారణంగా తగ్గిపోయే జబ్బు. నేను సిగ్గుపడి ఏళ్ళ తరబడి మోశాను.

యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది. లోపల కడగాల్సిన పనే లేదు. బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, నూలు లోదుస్తులు వేసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు టీవీలో ఆ భాగం కోసమే ప్రత్యేకమైన వాష్‌ల ప్రకటనలు వస్తున్నాయి. మా స్కూల్లో ఇంటర్‌కి వెళ్ళబోయే పిల్లలు వాటి గురించి అడుగుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఏ అమ్మాయికీ అవి అక్కర్లేదని గట్టిగా చెప్తున్నాను. తనలో ఏదో మురికి ఉందని చిన్నప్పుడే నమ్మిన పిల్ల, నాలాగే బతుకంతా కడుక్కుంటూ ఉంటుంది.

తర్వాత వచ్చిన జబ్బు వేరు. ఈసారి వాసన లేదు. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా, తెల్లగా వచ్చేది. దురద ఎంతంటే పాఠం చెప్తూ మధ్యలో ఆపి బయటికి వెళ్ళాల్సి వచ్చేది. మూత్రం తగిలితే మంట. రెండు జబ్బులకూ తేడా కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా నాకు అన్నీ తెల్లబట్టే, అన్నిటికీ వేడే. మా ఆయన్ని మెడికల్ షాపుకి పంపితే, ఆయన మొహమాటంతో పేరు చెప్పలేక "ఆడవాళ్ళ టాబ్లెట్లు" అని అడిగి తెచ్చేవారు. ఒకసారి యాంటీబయాటిక్ ఇచ్చారు, ఇంకోసారి లోపల పెట్టుకునే మాత్ర ఇచ్చారు. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడల్లా దురద ఇంకా పెరిగేది. ఉన్న కాస్త లాక్టోబాసిల్లస్ కూడా పోయి, ఆ దురద పుట్టించే ఫంగస్‌కి అడ్డు లేకుండా అవుతుందని నాకేం తెలుసు? మధ్యమధ్య తగ్గేది, మళ్ళీ వచ్చేది.

వేడి తగ్గించుకోవాలని నేను చలవ పెంచాను. పొద్దున్నే బార్లీ నీళ్ళలో పటికబెల్లం, మధ్యాహ్నం సబ్జా షర్బత్, సాయంత్రం చెరకురసం. దాహం ఎక్కువగా ఉండేది, రాత్రి రెండు మూడుసార్లు లేచేదాన్ని, మనిషిని చిక్కిపోతున్నాను. ఇవన్నీ వేడి లక్షణాలేనని నా లెక్క. మా నాన్నకు షుగర్, మా పెద్దన్నయ్యకు షుగర్. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి నాకు రాలేదు.

చివరికి దురద భరించలేక ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను.

"టీచర్ గారూ, ఇంతకు ముందు ఎవరైనా లోపల పరీక్ష చేశారా?" అని అడిగారావిడ.

"లేదండీ. టాబ్లెట్లే వాడాను."

"ఏమని వాడారు?"

"వేడి చేసిందని."

ఆవిడ ఏమీ అనలేదు. స్పెక్యులం అనే పరికరంతో చూశారు. పీహెచ్ కాగితం తాకించారు, కొంచెం ద్రవం తీసి గాజుపలక మీద రాశారు. ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చిందని అడిగారు. మూడు నాలుగుసార్లు తిరగబెడితే దాని వెనక కారణం వెతకాలన్నారు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?"

రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం అంటారు. నాది చాలా ఎక్కువే దాటింది. రక్తంలో చక్కెర పెరిగితే కణజాలంలోనూ పెరుగుతుంది, క్యాండిడా అనే ఫంగస్‌కి అది మేత. పైగా దాన్ని అణచాల్సిన రోగనిరోధక శక్తి మందగిస్తుంది. నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈ ఫంగస్ ఇన్‌ఫెక్షన్ వస్తుంది కాబట్టి, ఒకసారి వస్తే కంగారు పడక్కర్లేదు. పదేపదే వస్తుంటే మాత్రం షుగర్ చూపించుకోవాలి. నా ఒళ్ళు ఆ మాట ఎప్పటినుంచో చెప్తోంది. నేను దానికి పటికబెల్లం తాగించాను. మధుమేహానికి వాడే మందుల్లో చక్కెరను మూత్రంలోకి పంపేసేవి కొన్ని ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అలాంటివి. వాటితో కూడా ఈ ఫంగస్ దురద రావచ్చునని, వస్తే దాచుకోకుండా చెప్పమని డాక్టరు ముందే హెచ్చరించారు. మంచి మందులే అవి. చెప్పకుండా భరిస్తేనే ఇబ్బంది.

ఆ రోజు ఆవిడ మరో విషయం కూడా చెప్పారు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగతో, దురదతో వస్తే అది ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి పని కావచ్చు. దాన్ని ఆల్ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు 1836లో పారిస్‌లో మైక్రోస్కోపు కింద చూశాడు. అది కలయిక వల్ల సోకుతుంది, కాబట్టి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఆమె ఒక్కతే వాడితే మళ్ళీ వస్తుంది. ఇలాంటి జబ్బులకు ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో రంగురంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. యోని ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చేది 2వ నంబరు ఆకుపచ్చ కిట్. నాకు ఉద్యోగం ఉంది, డబ్బుంది, అయినా వెళ్ళలేదు. డబ్బు లేక ఆగిపోయేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

నా ఒంటికి నేను చేసుకున్నది ఇంతవరకు. పక్కవాళ్ళకు చేసింది నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా దాని స్కూల్ బ్యాగు సర్దుతుంటే అడుగున చుట్టచుట్టిన లోదుస్తులు దొరికాయి. తెల్లని మరకలున్నాయి. అది బిక్కచచ్చిపోయి, "అమ్మా, నాకేమైనా జబ్బా?" అని అడిగింది. "చెప్తే విన్నావా? చిప్స్ తినకు, పచ్చళ్ళు తినకు అంటే వింటావా?" అని గదమాయించాను. ఆ పిల్ల అప్పటినుంచి అన్నంలో పచ్చడి కలుపుకోవడం మానేసింది. మరకలు మాత్రం ఆగలేదు, దాచడం నేర్చుకుంది. మొదటి ముట్టుకు ఆరు నెలలో, ఏడాదో ముందు ఈస్ట్రోజన్ పెరగడం మొదలవగానే ఆడపిల్లలకు తెల్లబట్ట కనిపిస్తుంది. రజస్వల అయ్యే రోజు దగ్గర్లో ఉందని ఒళ్ళు చెప్పే కబురు అది. ఆ మాట చెప్పి, దగ్గరికి తీసుకోవాల్సిన సమయంలో దాన్ని దోషిని చేశాను. మా అమ్మాయి పుట్టిన వారంలోనే తల్లి హార్మోన్ల ప్రభావంతో కాస్త తెల్లటి ద్రవం వస్తే, నర్సు అది మామూలేనని తుడిచి చూపించింది కూడా. ఆ మాట నా చెవిన పడింది, మనసుకు ఎక్కలేదు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక దాన్ని కూర్చోబెట్టి, "అమ్మలూ, ఆ రోజు నీకు తప్పు చెప్పాను" అని అన్నీ వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే నేను పచ్చడి తినొచ్చా?" అంది. అన్నేళ్ళుగా అది తనకు తాను శిక్ష వేసుకుంటోందని అప్పుడు తెలిసింది నాకు.

మా ఆడపడుచు విషయం ఇంత తేలిగ్గా సరిదిద్దగలిగేది కాదు. తనకు ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు కాగానే పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయింది. ముప్ఫై అయిదు దాటకముందే తెల్లబట్ట, నడుం నొప్పి, నీరసం అంటూ ఉండేది. ఒక నర్సింగ్ హోంలో స్కాన్ తీసి, గర్భసంచికి పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుందని చెప్పారట. "ఏం చేయమంటావు వదినా?" అని నాకు ఫోన్ చేసింది. "పిల్లలు అయిపోయారుగా, తీయించేసుకో, పీడ వదులుతుంది" అన్నాను. పుండు అంటే ఏమిటని అడగలేదు. ముఖద్వారం లోపలి పొర బయటివైపుకు రావడాన్ని చాలాచోట్ల పుండు అనేస్తారు. హార్మోన్ల వల్ల వచ్చే ఆ మార్పు ఎక్కువ శాతం హాని చేయనిదే, దానివల్ల తెల్లబట్ట కాస్త ఎక్కువ కావచ్చు. క్యాన్సర్ కోసం చూసే స్మియర్ పరీక్ష చేశారా, ఇంకో డాక్టరుకి చూపించావా, మందులతో తగ్గదా అని నేను అడగాల్సింది. సైన్స్ టీచరు చెప్పింది కదా అని తను ధైర్యంగా వెళ్ళింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 3.2 మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది నూటికి 8.9, తెలంగాణలో 7.7. ఆ సర్వేలో దేశంలో మనమే ముందున్నాం. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే అంతగా చెడిపోవడానికి కారణం లేదు. పీడ వదులుతుంది అనే నాలాంటి వదినలు, అత్తలు, తల్లులు ఉన్నారు. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. తెల్లబట్ట వల్ల ఎముకలు కరుగుతాయని మా అమ్మమ్మ భయపడింది. తెల్లబట్టకు భయపడి చేయించిన ఆపరేషన్ మా ఆడపడుచు ఎముకల్ని నిజంగానే బలహీనపరిచింది. ఇప్పుడు తనకు నలభై అయిదు. కింద కూర్చుంటే లేవలేదు.

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం దాదాపు రెండున్నర వేల మంది ఆడవాళ్ళను పరిశీలించి 2005లో ఒక పరిశోధన ప్రచురించింది. తెల్లబట్ట అని చెప్పినవాళ్ళలో చాలామందికి ఇన్‌ఫెక్షన్ లేదు. దిగులు, ఆందోళన, ఒంటినొప్పులు, అలసట మాత్రం ఆ ఫిర్యాదుతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. అది చదివాక మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళాను. తనకు ఆపరేషన్ అయిన ఏడు వాళ్ళ మిరప తోటకు తెగులు తగిలిందని అప్పుడు తెలిసింది, కౌలు బాకీ, వడ్డీలు, ఇంట్లో రోజూ గొడవ. "ఆ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది కదమ్మా" అన్నాను. "అప్పుల మాట ఎవరికి చెప్పను వదినా? తెల్లబట్ట అంటే కనీసం ఆసుపత్రికైనా తీసుకెళ్తారు" అంది. నేను చెప్పిన సలహా తప్పని ఒప్పుకుని క్షమించమన్నాను. తను నన్నేమీ అనలేదు. ఆ రోజు ఫోన్‌లో ఇంట్లో ఎలా ఉందమ్మా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. అడగలేదన్నది మాత్రం తెలుసు.

అలాగని ఆడవాళ్ళ ఫిర్యాదులన్నీ మనసు బాధలేనని కొట్టిపారేయకూడదు. మన తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్ళను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకు ముందు వైద్య పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. ఇన్‌ఫెక్షనో, దిగులో, ఏ జబ్బూ కాదో తేలాలంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి వినాలి, పరీక్ష చేయాలి. ఊహించి చెప్పడం నేను చేసిన పని.

ఊహించకూడనిది మరీ ముఖ్యంగా ఒకటుంది. రక్తం కలిసిన తెల్లబట్ట, దుర్వాసనతో నీళ్ళలా ఆగకుండా వచ్చేది, కలయిక తర్వాత రక్తం కనపడటం, ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తమైనా రావడం, వీటిని వేడి అనుకుని ఒక్క నెల కూడా గడపకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అలా బయటపడవచ్చు. మన దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఆడవాళ్ళకు ఆ క్యాన్సర్ వస్తోంది. దాన్ని ముందే పట్టే దారి కూడా ఈ ద్రవంలోంచే దొరికింది. జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు శాస్త్రవేత్త న్యూయార్క్‌లో మొదట గినీ పందుల యోని ద్రవాన్ని మైక్రోస్కోపు కింద చూశాడు. తర్వాత తన భార్య ఆండ్రోమాకీ నుంచి ఏళ్ళ తరబడి నమూనాలు తీసుకుని కణాలెలా మారుతున్నాయో చదివాడు. అలా చూస్తూ ఉండగానే క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే మార్గం తెలిసింది. 1943లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి ఆయన పుస్తకం వేశాక పాప్ స్మియర్ లోకమంతా వ్యాపించింది. ఆ ఇల్లాలు తన ఒంటి ద్రవాన్ని పరీక్షకు ఇవ్వడానికి సంకోచించలేదు, అందువల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు. నేను కన్నబిడ్డకు కూడా దాని గురించి చెప్పలేకపోయాను.

ఆ రోజు డాక్టరు నాకూ పాప్ స్మియర్ తీశారు. నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. ముప్ఫై దాటిన ప్రతి ఆడమనిషీ చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ళవాళ్ళలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. నాకు పరీక్షలో ఏ దోషమూ కనపడలేదు. అది నా అదృష్టం, నా తెలివి కాదు.

ఇప్పుడు పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు, చదువుకోండని చెప్పి దాటేయడం మానేశాను. ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి పాఠంలో లేనివి కూడా చెప్తున్నాను. వాళ్ళ అమ్మల్ని కూడా పిలుస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్తే తెల్లబట్ట అని ఒక్క మాటతో సరిపెట్టొద్దని చెప్తాను. ఏ రంగు, పలచనా చిక్కనా, వాసన ఉందా, దురద ఉందా, మూత్రం పోసేటప్పుడు మంట ఉందా, పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉన్నాయా, నెలలో ఏ రోజుల్లో ఎక్కువ, రక్తం కలుస్తోందా, ఈమధ్య ఏ మందులు వాడారు, గర్భంతో ఉన్నారా, ఇంట్లో షుగర్ ఉందా, ఇవన్నీ చెప్పాలి. కడుపునొప్పి, జ్వరం కలిసి ఉంటే ఇన్‌ఫెక్షన్ గర్భసంచి దాటి పైకి పాకి ఉండవచ్చు, ఆ రోజే వెళ్ళాలి. ఎవరైనా గర్భసంచి తీయాలంటే, ఎందుకో కాగితం మీద రాయించుకుని మరో డాక్టరుకి చూపించాలి.

తల్లులకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మాయికి పదేళ్ళు రాగానే, ఆ మరక కనపడకముందే, అది ఏమిటో చెప్పండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించండి. పుణేలో తయారైన టీకా కూడా 2023 నుంచి దొరుకుతోంది. తను ఏదైనా అడిగినప్పుడు మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పి, తనను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాకు తెలియదని ఒప్పుకునే ధైర్యం లేక నేను వేడి అనే మాటను అడ్డం పెట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి.